చాచుకోని చెయ్యి

కట్లు కట్టడంలో మునిరత్నానికి తిరుగులేదు. ఎముకల వైద్యుడు చెంగల్రాయుడి దగ్గర శిష్యరికం చేసిన ఏడేళ్లలో విరిగిన కాళ్లూ చేతులూ ఎన్నో అతికించాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలియనివాళ్లు దొరికితే తెలియజేసేవాడు కూడా.

అలాంటివాణ్ణి మూడేళ్ల పిల్ల చెయ్యి ముప్పుతిప్పలు పెట్టింది.

పిల్ల పేరు వళ్ళెమ్మ. కాన్పులో తల బయటికొచ్చాక భుజం చిక్కుకుంటే మంత్రసాని గట్టిగా లాగింది. మెడ దగ్గర నరం దెబ్బతింది. ఆర్నెల్లు ఆ ఎడమచెయ్యి గుడ్డపేలికలా వేలాడింది. తర్వాత మెల్లగా కదిలింది, మోచెయ్యి వంగింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఇప్పుడేమో వంగిన మోచెయ్యి పూర్తిగా చాచుకోవడం లేదు. ఏడాదికేడాది ఇంకాస్త ముడుచుకుంటోంది.

వంగని చెయ్యి వంగడం నేర్చుకుని, చాచడం ఎందుకు మరిచిపోయింది? రెండు రోజులుగా మునిరత్నానికి అన్నం కూడా సయించలేదు. మూడోరోజు పొద్దున్నే జవాబు దొరికిందనుకున్నాడు.

"వంచే కండకు బలం ఎక్కువైపోయింది అయ్యా. అది లాగేస్తా ఉంది" అని గురువుతో చెప్పాడు. "నలుగురం పట్టుకోని ఒక్క ఊపున చాపి, వెదురుబద్దలేసి బిగించేస్తే అదే దారికొస్తాది."

బద్దలు అప్పటికే చెక్కి పెట్టుకున్నాడు.

అంతటితో ఊరుకోక పిల్ల తల్లి రుక్కమ్మ మీద పడ్డాడు. "ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకోని తిప్పితే చెయ్యి ముడుచుకోక ఏమైతాది? రోజూ సాగదీయమంటే తీసినావా?"

"తీస్తానే ఉండా సామీ" అంది రుక్కమ్మ. "మా అత్త కూడా ఇదే మాటంటాది. నా వల్లనే బిడ్డ అవిటిదైందని."

మూడేళ్లుగా ఆ మాట పడీ పడీ ఆమె కూడా నమ్మేసింది పాపం.

చెంగల్రాయుడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన చిటికెనవేలు ఆ ముడుచుకున్న చేతికిచ్చాడు. "లాగు తల్లీ. నీ బలమెంతో చూస్తా."

వళ్ళెమ్మ పళ్లు బిగబట్టి లాగింది. ముసలాయన వేలు కదల్లేదు. కుడిచేత్తో లాగేసరికి మాత్రం ఆయన నిజంగానే ముందుకు తూలాడు. పిల్ల పకపకా నవ్వింది.

మునిరత్నానికి నవ్వు రాలేదు. బలం ఎక్కువైన చెయ్యి ఇదేనా?

నవ్వే నవ్వులో పిల్ల గౌను పైకి లేచింది. నడుముకున్న నల్ల మొలతాడు చర్మంలోకి దిగబడి, చుట్టూ ఎర్రగా గీత పడి ఉంది.

"ఇది ఎప్పుడు కట్టినావమ్మా?" అని అడిగాడు గురువు.

"పోయినేడు తిరునాళ్లప్పుడు సామీ. బిగువైంది, మార్చాలనుకుంటానే ఉండా."

గురువు శిష్యుడి వైపు తిరిగాడు. "ఒరే, ఈ తాడుకు ఏపాటి బలముందిరా, బిడ్డ నడుమును ఇంతగా నొక్కేదానికి?"

"తాడుకు బలమేముందయ్యా? కట్టినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. బిడ్డ పెరి..."

మునిరత్నం అక్కడే ఆగిపోయాడు.

"నలుగురు పట్టుకోని ఒక్క ఊపున లాగితే?"

"నడుము కోసుకోని పోతాదయ్యా."

గురువు కత్తెర తీసుకుని, తాడు కింద తన వేలు అడ్డం పెట్టి మెల్లగా కత్తిరించాడు. తెగిన తాడును శిష్యుడి చేతిలో పెట్టాడు.

రుక్కమ్మకు ఇదంతా అర్థం కాలేదు. ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. "నేను సరిగ్గా చూసుకోలేదనే కదా సామీ?"

"బిడ్డ పెరిగిందమ్మా" అన్నాడు చెంగల్రాయుడు. "అది కూడా నీ తప్పేనంటావా?"

మునిరత్నం పిల్ల ముందు గొంతుక్కూర్చుని, ఎడమ మోచేతి మడతలో వేలు పెట్టి చూశాడు. కండ సన్నగా, తాడులా బిగువుగా తగిలింది; ఎముక పెరిగినంత అది పెరగలేదు. కుడిచేతిది మెత్తగా, నిండుగా ఉంది. మళ్లీ ఎడమది చూశాడు. చాలాసేపు అలా చూస్తూనే ఉండిపోయాడు. వళ్ళెమ్మకు విసుగు పుట్టి అతని జుట్టు పట్టుకుంది.

అతను లేచి, చెక్కిపెట్టిన బద్దలన్నీ పక్కకు నెట్టేశాడు. ఒక్కటి మాత్రం తీసుకుని, దాన్ని పలచగా, ఆ చెయ్యి ఇప్పుడున్న వంపుకు సరిపోయేలా మళ్లీ చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కుతూ చెక్కుతూ తలెత్తి రుక్కమ్మ వైపు చూశాడు. మళ్లీ తిట్లేమోనని ఆమె తల వంచుకుంది.

"అమ్మా" అన్నాడు, "పోయినేటికీ ఇప్పటికీ బిడ్డ ఎంత పొడుగైంది?"

రుక్కమ్మ తన తొడ దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆ చేతిని నాలుగు వేళ్లు పైకి జరిపింది. ఒక్క క్షణం ఆలోచించి, ఇంకో వేలు జరిపింది.