పస్తున్న మల్లెలు

మన ముత్తాతల ముత్తాతలు పసిపిల్లలుగా ఉన్న కాలంలో, కలువపట్నంలో మాణిక్య శెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. అతని ఇంటి ముందు తోటలో చేమంతి ఒక్కటే ఉండేది. చలికాలం రెండు నెలలు తోట పసుపురాశిలా ఉండేది. తక్కిన పది నెలలు బోసినేల.

శెట్టి తోటమాలి పోలయ్యను పిలిచాడు.

"ఏడాది పొడవునా నా వాకిట పూలుండాలి. తోటంతా మార్చు."

"అలాగే అయ్యా. వానలకు జాజి, చలికి చేమంతి, ఎండలకు మల్లె వేద్దాం. కానీ మల్లె పూయాలంటే ముందు కొన్నాళ్లు నీరు లేకుండా పస్తు తప్పదు."

పని వెతుక్కుంటూ వచ్చిన కేతయ్య అనే మరో తోటమాలి అది విని నవ్వాడు. "పస్తెందుకయ్యా? నా చేతిలో ఏ మొక్కా ఎండదు, ఏ కొమ్మా కత్తిని చూడదు."

శెట్టి ఎదిగిన పొదలు తెప్పించి, తోటను ఇద్దరికీ చెరిసగం ఇచ్చాడు. ఏడాది తిరిగేలోగా ఎవరి సగంలో పూలు పూయకపోతే వాడు ఓడినట్టు, తోట విడిచిపోవాలి. పోలయ్యకు, అతని భార్యాబిడ్డలకు ఆ తోటలోని గుడిసె తప్ప వేరే నీడ లేదు.

వానలు వచ్చాయి. రెండు వైపులా జాజులు పూశాయి. శెట్టి తలూపి వెళ్ళాడు.

చలి వచ్చింది. రెండు వైపులా చేమంతులు విచ్చాయి. అయితే పోలయ్య మల్లెలకు నీరు మానేశాడు. ఆకు దూశాడు. కొమ్మలు కత్తిరించాడు. మోళ్లు మిగిలాయి. కేతయ్య మల్లెలు నిగనిగలాడుతున్నాయి.

"ఏం పోలన్నా, చేమంతుల వెనక కట్టెల అడితి పెట్టావా?" అన్నాడు కేతయ్య.

శెట్టి ముఖం చిట్లించాడు. "ఆ చచ్చిన మొక్కలు పీకి పారెయ్యి."

"చావలేదయ్యా, పస్తున్నాయి. ఎండలు వచ్చాక పూయకపోతే, మీరు పొమ్మనక ముందే గుడిసె ఖాళీ చేస్తాను."

ఎండలు వచ్చాయి. పోలయ్య నీరు పెట్టాడు. మోళ్లు చిగిర్చాయి. చిగురు చిగురుకూ మొగ్గ తొడిగింది. కేతయ్య పొదల్లో మాత్రం ఆకే ఆకు. అతను భయపడి, అంగడిలో మల్లెలు కొని తెచ్చి అరటినారతో కొమ్మలకు కట్టాడు.

శెట్టి తల్లి వెంగమాంబ పూజకు పూలు కోయవచ్చింది. కేతయ్య వైపు పొదలో ఒక పువ్వు పట్టుకోగానే నారతో సహా ఊడివచ్చింది.

"ఒరే మాణిక్యం, ఈ పొద పూలు పూయడమే కాదు, దండలు కూడా కట్టుకుంటోందిరా!" అంది.

కేతయ్య తల వంచుకున్నాడు. శెట్టి అతన్ని పంపివేసి, తోటంతా పోలయ్యకు అప్పగించాడు.

"వచ్చే చలికి ఎన్ని మోళ్లు నిలబెట్టినా నేను నోరెత్తను" అన్నాడు.

పిల్లలారా, తగిన వేళ కష్టానికి ఓర్చుకున్నవారికే తగిన వేళ ఫలం దక్కుతుంది.