వణకని గీత

అనగనగా కొండ కింద ఒక బొమ్మల ఊళ్ళో సత్యవేణి అని ఒకావిడ ఉండేది. కొయ్యబొమ్మలకి కళ్ళు దిద్దడం ఆవిడ పని. ఆవిడ కుంచె తాకిందంటే చెక్క ఏనుగైనా నీ వంక తిరిగి చూసేది, బుజ్జీ.

అలాంటావిడకి గుండె పాడైపోయింది. నాలుగడుగులేస్తే ఆయాసం. అప్పుడు ఒక తల్లి, చనిపోయిన తన కూతురి గుండెని ఇస్తే, పట్నం డాక్టర్లు అది తెచ్చి ఈవిడకి పెట్టారు.

మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు బుజ్జీ. కొత్తగా ఎవరొచ్చినా దొంగే అని మీద పడతారు. ఇది మంచి గుండె అని వాళ్ళకేం తెలుసు? అందుకని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. "పొద్దునా సాయంత్రం వేసుకో. కాపలావాళ్ళు జోగుతూ ఉంటారు. మానేశావో, లేచి కూర్చుంటారు. బతికినన్నాళ్ళూ వేసుకోవాల్సిందే" అంది.

వేసుకుంది. గుండె బాగుంది. కానీ ఆ మాత్రకి చెయ్యి వణికేది. కృష్ణుడి కన్ను దిద్దబోతే నల్లరంగు చెంప మీదకి పోయేది.

ఒకనాడు పెళ్ళికూతురి బొమ్మ చెయ్యాలి. సాయంత్రం మాత్ర కొంగున ముడేసుకుంది. తెల్లారేసరికి చెయ్యి కొంచెం నిలబడింది. ఏమీ కాలేదు. ఆ తర్వాత దసరా కొలువుకి దశావతారాలడిగారు. ఈసారి రెండు మూడు రోజులు మానేసింది. అప్పుడూ ఏమీ కాలేదు. దాంతో ధైర్యమొచ్చేసింది. ఆ తర్వాత పెద్ద బేరం తగిలింది. 'ఇదయ్యేదాకా వద్దులే' అని పూర్తిగా ఆపేసింది.

కుంచె పాతరోజుల్లోలా నడిచింది. లోపల కాపలావాళ్ళు మాత్రం ఒక్కొక్కళ్ళే కళ్ళు తెరుస్తున్నారు.

ముందు పాదాలు ఉబ్బాయి. ఆ తర్వాత పడుకుంటే ఊపిరాడలేదు. ఆ తర్వాత కూర్చున్న చోటే గుండె దడదడలాడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్ర వెయ్యమంటారు, వేస్తే వణుకు.

అప్పుడు తోడికోడలు మాణిక్యం, బొమ్మలు ఆరబెడుతూ ఆగిపోయింది.

"ఏమే, ఈ కళ్ళు నువ్వే దిద్దావా?"

"నేను కాక బావగారు దిద్దారా అక్కా?"

"గీత ఎక్కడా వణకలేదేంటే?"

సత్యవేణి చెయ్యి కొంగు దగ్గరకి పోయింది. మాణిక్యం గుంజి ముడి విప్పింది. మాత్రలు జలజలా రాలాయి.

"ఓసి నీ దుంపతెగ! చెక్కకి కళ్ళు పెట్టి నువ్వు కళ్ళు మూస్తావా?"

సత్యవేణి లేవబోయింది. కాళ్ళు నిలవలేదు. ఆటోలో పడేసి పట్నం తీసుకెళ్ళారు. దారంతా మాణిక్యం తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.

"కాపలావాళ్ళు గుండె మీద పడ్డారు. సూదిమందు ఎక్కిస్తున్నాం. ఆగితే ఆగుతారు" అంది డాక్టరమ్మ. ఆగకపోతే ఏంటో చెప్పలేదు.

సత్యవేణి గుండె మీద చెయ్యేసుకుంది. కొట్టుకుంటోంది, తడబడుతోంది, మళ్ళీ కొట్టుకుంటోంది. "ఉండవే తల్లీ, వెళ్ళిపోకు" అని ఆ గుండెనే బతిమాలుకుంది.

అది ఉంది బుజ్జీ. మునుపటంత బలంగా లేదు గానీ, ఉంది.

ఇంటికొచ్చాక ఒకరోజు కృష్ణుణ్ణి ముందు పెట్టుకుంది. చెయ్యి వణికింది. కన్ను అలుక్కుపోయింది. తుడిచింది, మళ్ళీ దిద్దింది, మళ్ళీ అలుక్కుపోయింది. అంతలో మాత్ర వేళయింది. మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే చూసింది.

మాణిక్యం గుమ్మంలో నిలబడింది.

అప్పుడు సత్యవేణి మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగేసింది.

"నోరు తెరు" అంది మాణిక్యం.

తెరిచింది. ఆ తర్వాత కుంచె మాణిక్యం చేతిలో పెట్టింది. "ఇక నువ్వు దిద్దు అక్కా."

"నేను దిద్దితే కృష్ణుడికి మెల్లకన్నొస్తుందే!"

"రానీ. తిట్టడానికి నేనుంటాగా."

కథేమో కంచి బండెక్కింది,
నిద్దరేమో నా బుజ్జి కళ్ళకెక్కింది.