లకుముకి వాలిన జమ్ముగడ

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు వజ్రేశ్వరమ్మగారికి లేదు. గుంటూరు శివార్లలో, పాత ధాన్యపు గోదాములో ఆమె లోహశిల్పాలు చేసేది. ఇనుమునూ రాగినీ వంచి ఆమె నిలబెట్టిన రూపాలకు ముఖాలుండవు, పేర్లుండవు. అయినా వాటిముందు నిలబడ్డవాళ్లకు గాలీ, ఏరూ, విచ్చుకుంటున్న మొగ్గా గుర్తొచ్చేవి. ఆ పని చూసి ఇమ్మానియేలు రేపల్లెలో తన వెల్డింగు షాపు మూసేసి, ముప్పై నాలుగో ఏట ఆమెకు శిష్యుడయ్యాడు.

అతని మొదటి శిల్పం లకుముకి పిట్ట. ఆరునెలలు పట్టింది. ఈకకొక రేకు కత్తిరించాడు. మంట చూపి ఉక్కుకు నీలిరంగు తెప్పించాడు. రాగిరేకు నీళ్లలోంచి లేచిన ఇనప జమ్ముగడ మీద దాన్ని కూర్చోబెట్టాడు. చూసినవాళ్లంతా అచ్చం పిట్టేనన్నారు. అతని కంటికి మాత్రం అది చచ్చిన పిట్టలా ఉంది. దాన్ని పెట్టాల్సిన ప్రదర్శనకు ఇంకా పదిరోజులుందనగా గురువుగారిని అడిగాడు.

"అమ్మా, మీరు ఏమీ చూపించకుండానే అన్నీ కనబడతాయి. నేను అన్నీ చూపించినా ప్రాణం కనబడదేం?"

మర్నాడు ఆమె అతన్ని అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లింది. ఒక తెల్లరాతి ఫలకం ముందు నిలబెట్టి, తను పోయి బల్లమీద కూర్చుంది. ఫలకం నడుమ ఒక పీఠం, దానికింద పాదముద్రల జత. చుట్టూ స్త్రీలు నేలకు వంగి మొక్కుతున్నారు. పీఠం మీద ఎవరూ లేరు. విరిగిపోయిందేమోనని ఇమ్మానియేలు దగ్గరికెళ్లి చూశాడు. విరగలేదు. ఆ కాలపు శిల్పి బుద్ధుణ్ణి కావాలనే చెక్కకుండా వదిలాడు.

అంతలో మిరపకోతలు ముగించుకుని బస్సులో వచ్చిన ఆడకూలీలు లోపలికొచ్చారు. వాళ్లలో ఒక ముసలామె ఆ ఫలకం ముందు ఆగి, చెప్పులు విడిచి చేతులు జోడించింది. అక్కడ దేవుడే లేడనీ, ఉత్త పీటేననీ మనవరాలు నవ్వింది.

"లేకపోతే ఇంతమంది ఎందుకు వంగారే?" అంది ముసలామె, చూపు తిప్పకుండానే.

తిరిగొచ్చాక ఇమ్మానియేలుకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారగానే గ్యాసుమంట వెలిగించి పిట్ట కాళ్లదగ్గర పెట్టాడు. ఆరునెలల పని. అయినా కోసేశాడు. మిగిలిన జమ్ముగడ చీపురుపుల్లలా నిటారుగా, ఏ కథా లేకుండా నిలబడింది. దానిముందు రెండురోజులు ఊరికే కూర్చున్నాడు. చిన్నప్పుడు కాలవగట్టున చూసింది అప్పుడు మెదిలింది: లకుముకి ఎగిరిపోయాక కూడా గడ దాని బరువును మరిచిపోలేక కాసేపు ఊగేది.

గడను కాల్చి, కొన దగ్గర ఒక్క వంపు తిప్పాడు. ఆ వంపు కుదరడానికి నాలుగురోజులు పట్టింది. కింద రాగినీళ్ల మీద, ఒక పక్కకు, అప్పుడే విచ్చుకుంటున్న రెండు వలయాలు సాగగొట్టాడు. ఇంకేమీ పెట్టలేదు.

ప్రదర్శనకు ముందురోజు వజ్రేశ్వరమ్మగారు వచ్చి దానిచుట్టూ నెమ్మదిగా తిరిగింది. కొన దగ్గర చాలాసేపు ఆగింది. పిట్ట ఎక్కడ వాలిందో, ఎటు ఎగిరిందో ఇమ్మానియేలు గబగబా చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మెల్లగా మాట్లాడు నాయనా. ఇంకా ఎంతో దూరం పోలేదు."