కోఆ దుంగ మీద తోకెత్తవ్వ నడక

నడిసముద్రంలో నిప్పు కక్కే కొండలున్న హవాయి దీవుల్లో ఒక దీవి. ఆ దీవి అడవిలో తోకెత్తవ్వ అనే పిట్ట ఉండేది. గుప్పెడంత ఒళ్లు, ఎప్పుడూ నిక్కబొడుచుకునే తోక, ఆ తోకకు తగ్గ పట్టుదల.

ఆవిడ వంశంలో ఏడు తరాలుగా ఒకటే పని. పడవ కోసం కోఆ చెట్టు కూలిస్తే ఆ దుంగ మంచిదో కాదో తేల్చడం. పడవ కట్టాలంటే ఆ దీవిలో కోఆ తర్వాతే ఏ చెట్టయినా. కానీ పైకి నిగనిగలాడే కోఆ లోపల పురుగు తొలిచి ఉండొచ్చు. పిట్ట దుంగ మీద వాలి, మొదలు నుంచి చివరిదాకా ఆగకుండా నడిచి ఎగిరిపోయిందా, దుంగ గట్టిది. ఆగి పొడిచిందా, అక్కడ పురుగుంది, ఆ దుంగను వదిలేయాలి. మనుషులు సైతం గొడ్డలి కింద పెట్టి, పిట్ట నడక ముగిసేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. మర్యాద అంటే అదీ.

ఆ ఏడు వానల్లేవు. కొండ మీది ఊట ఎండింది. రెక్కలున్నవి చాలావరకు ఎదుటి దీవికి ఎగిరిపోయాయి. రెక్కల్లేనివీ, ఇంకా రానివీ మిగిలాయి. కొండబాతు సూరమ్మకు అయిదుగురు పిల్లలు. ఒక్కదానికీ ఎగిరే ఈక రాలేదు. వాటిని వదిలి తానెలా ఎగురుతుంది? ఆకుల మీది మంచుచుక్కలు తాగించి ప్రాణాలు నిలుపుతోంది. పడవ కడితేనే ఆ పిల్లలు దక్కేది.

కడతానని మోతుబరి పంది ముందుకొచ్చాడు. కొండెక్కి మంచి చెట్టు వెతకాలంటే ఒళ్లు వంగాలి గదా. ఒడ్డు పక్కనే, తాను రోజూ వీపు రుద్దుకునే కోఆనే వేళ్లతో సహా పెళ్లగించి పడేశాడు. ఒక్కణ్ణే కూల్చానని దీవంతా చెప్పుకున్నాడు. తోకెత్తవ్వకు మాత్రం కబురు పెట్టలేదు. ఏడు తరాల ఆచారం ఆయనగారికి గుర్తే రాలేదు. సూరమ్మ వచ్చి చెబితే అవ్వకు తెలిసింది.

పిలవని పేరంటానికి వెళ్లే రకం కాదు అవ్వ. అయినా పిల్లల నోళ్లు ఎండిపోవడం చూసి వెళ్లింది. దుంగ మీద వాలి నాలుగడుగులు వేసి పొడిచింది. ఇంకో మూడడుగులు, మళ్లీ పొడిచింది. మూడో చోట తెల్లటి పురుగును లాగి, అందరికీ చూపించి, మింగింది.

"లోపలంతా బోలు. ఇది పడవకు పనికిరాదు," అంది.

పంది మూతి వంకర తిప్పాడు. "దుంగ చూడ్డానికొచ్చావా అవ్వా, భోజనానికొచ్చావా? ఆకలేసిన ముక్కు ఎక్కడైనా పొడుస్తుంది."

అందరూ నవ్వారు. పంది వెనకే తిరిగే ఎలుక పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. సూరమ్మ నవ్వలేదు గానీ తల దించుకుంది. పంది మాట కన్నా, దించుకున్న ఆ తలే అవ్వకు ఎక్కువ గుచ్చుకుంది. తన అమ్మనూ, అమ్మమ్మనూ ఎవరూ అనని మాట. ఎగిరి పొద మీద కూర్చుంది. కూర్చుని, అన్నీ చూసింది.

బొక్కలు కనబడకూడదని పంది పురమాయించాడు. ఎలుక సీమపనస పాలలో కొయ్యపొట్టు కలిపి ఒక్కొక్క బొక్కే పూడ్చాడు. పైన బొగ్గుమసి పూసి మెరిపించాడు. పూడిస్తే గట్టిపడుతుందని పంది నమ్మకం. ఎంత లోతో పూడ్చినవాడికి తెలుసు. చెయ్యి భుజందాకా దిగింది మరి. ఆ సంగతి దొరగారితో అనలేదు. పైన పటారం, లోన లొటారం.

మూడో నాటికి పడవ ఒడ్డుకు చేరింది. ఒరిగిపోకుండా పక్కన విలివిలి దుంగను ఓలోనా నారతాడుతో బిగించారు. విలివిలి కొయ్య బెండులా తేలుతుంది, ఓలోనా తాడు ఏనుగు లాగినా తెగదు. ఆ రెండూ మాత్రం మంచి సరుకే. సూరమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టింది.

అప్పుడు అవ్వ ఇసుకలో వాలింది.

"మోతుబరిగారూ, నాకు కడుపుంది గనక నా తీర్పు చెల్లదన్నారు. సరే, ఈ దుంగను నేను ముట్టను. సముద్రాన్నే అడుగుదాం. చేసినవాళ్లు ముందు ఎక్కాలి గదా. మీరూ మీ ఎలుకా ఆ రాతిగట్టుదాకా వెళ్లి రండి. అక్కడిదాకా మీ మెడ లోతే. ఆ తర్వాత పిల్లలెక్కుతారు."

అందులో కాదనడానికేముంది? పంది దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. ఎలుకకు ఉన్నట్టుండి చెవిపోటు వచ్చింది. తర్వాత, ఒడ్డున తాడు పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలన్నాడు. ఎక్కరా అని పంది గద్దించాక ఎక్కాడు. ఎక్కింది పడవలోకి కాదు. పక్కనున్న విలివిలి దుంగ మీదికి పాకి, నాలుగు కాళ్లతో కరుచుకున్నాడు.

"పడవంతా ఖాళీగా ఉంటే ఆ దుంగను పట్టుకు వేలాడుతున్నావేమిరా?" అంది అవ్వ.

"గాలి కోసం అవ్వా."

"పడవలోకి గాలి రాదా?"

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్న ఆ ఎలుకను సూరమ్మ చూసింది. చప్పున అయిదుగురు పిల్లల్నీ రెక్కల కిందికి లాక్కుంది.

రెండో అలకు మొదటి పూడిక ఊడింది. మూడో అలకు దుంగ నడిమికి చీలింది. పంది కూర్చున్న చోటే నీళ్లలోకి దిగి, మెడలోతులో నిలబడి, ముక్కుల్లోంచి ఉప్పునీళ్లు చిమ్మాడు. ఎలుక విలివిలి దుంగ మీద గట్టుదాకా కొట్టుకుపోయాడు. ఈసారి నవ్వు అటు తిరిగింది. అవ్వ నవ్వలేదు. పిల్లల దాహం అలాగే ఉంది గదా.

పంది ఆ పూటే కొండెక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? ఇంకో కోఆ పెళ్లగించి, ఈసారి తానే వచ్చి పిలిచాడు. అవ్వ వెళ్లింది గానీ దుంగ మీద వాలలేదు.

"ముందు ఆ మాట వెనక్కి తీసుకో. అన్న చోటే, విన్నవాళ్లందరి ముందే."

ఒడ్డుకు దిగివచ్చి, అందరూ చూస్తుండగా, ఆకలేసి పొడవలేదని పంది ఒప్పుకున్నాడు. గొణిగితే కుదరదని అవ్వ రెండోసారి గట్టిగా చెప్పించింది. సూరమ్మ వైపు కూడా ఓ చూపు చూసింది. అది వేరే బాకీ.

మళ్లీ అందరూ కొండెక్కారు. అవ్వ దుంగ మీద వాలి నడక మొదలుపెట్టింది. సగం దూరంలో బలిసిన పురుగొకటి ఎక్కణ్ణుంచో వచ్చి బెరడు మీద ఎండ కాచుకుంటోంది. నిన్నటి నుంచి అవ్వ నోట మెతుకు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరి కళ్లూ ఆ ముక్కు మీదే.

అవ్వ పురుగును చుట్టి నడిచింది. చివరిదాకా నడిచి, తోక ఒక్కసారి ఎత్తి, ఎగిరిపోయింది.

ఆ దుంగతో కట్టిన పడవలోనే సూరమ్మ పిల్లలు అయిదుగురూ నీళ్లున్న దీవికి చేరారు.

ఒకరి పనితనాన్ని ఆకలి కింద జమకట్టినవాడు ఉప్పునీళ్లు తాగక తప్పదు.