పదివేల ఒకటో విస్తరి

మన రాజ్యం కాదు, పక్కది కూడా కాదు. ఇంకా అవతల ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. ఈ కథలో లెక్కలున్నాయి, ముందే చెబుతున్నాను. నాకు పదమూడో ఎక్కం దగ్గరే ఆయాసం వస్తుంది. అనుమానం ఉన్నవాళ్లు పలకా బలపం పట్టుకుని కూర్చోండి.

ఆ రాజ్యాన్ని ఏలే శూరసేన భూపతి ఒకసారి జనాన్ని లెక్కపెట్టించాడు. ప్రజలు పదివేల మంది, రాజు ఒక్కడు. మొత్తం పదివేల ఒకటి.

ఆస్థాన గణితజ్ఞుడు అనంతశయన శాస్త్రి మూడు రోజులు భాగహారాలు చేసి, కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ! ఇది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది. తమరు లేని పదివేలు వట్టి సంయుక్త సంఖ్య. పదితో, ఇరవైతో, ఎలా పడితే అలా తెగుతుంది. తమరు చేరారా, ఇక ఎవరికీ లొంగదు!"

రాజుగారి మీసం లేచింది. "అంటే, రేపు ప్రజలకిచ్చే విందులో అందరినీ సమానమైన బంతుల్లో కూర్చోబెడితే నేను ఎందులోనూ ఇమడను. అంతేగా?"

"ఇమడరు ప్రభూ!"

"అయితే నాకు పైన వేదిక మీద వెయ్యండి విస్తరి."

కూరలేం చెయ్యాలో అడగడానికి వచ్చిన వంటవాడు బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు. "ఇముడుతారు ప్రభూ."

శాస్త్రి పకపకా నవ్వాడు. రాజు నవ్వలేదు. "ఓడిపోతే?"

"గరిటె అప్పగించి పొలిమేర దాటిపోతాను."

"గెలిస్తే?"

"జనాన్ని రాసుకున్నాయన మా వంటశాలలో రెండు పూటలు తిన్నాడు గానీ, నా పేరు రాయడం మరిచాడు. నన్నూ లెక్కలో వెయ్యండి, చాలు."

మర్నాడు కోట ముంగిట్లో బుచ్చన్న విస్తర్లు పరిచాడు. ఆకుకి ఆకు తాకేలా వేస్తే ఆ ముంగిట్లో బంతికి సరిగ్గా నూట ముప్పై ఏడు పడతాయి. ముప్పై ఏళ్లుగా వేస్తున్న చెయ్యి అది. శాస్త్రి వెనకాలే నడుస్తూ ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. బంతులు డెబ్బై మూడు, విస్తర్లు పదివేల ఒకటి అయ్యాయి. ఒక్క ఆకు మిగల్లేదు, ఒక్క ఆకు తగ్గలేదు.

జనం కూర్చున్నారు, వాళ్లతో శాస్త్రి కూడా. కుమ్మరి కోటయ్య పక్కన ఒకే ఒక్క విస్తరి ఖాళీ.

"అది తమరిదే ప్రభూ. తమరు కూర్చోకపోతే బంతి బోసిపోతుంది."

రాజు అటూ ఇటూ చూశాడు. పులిహోర ఘుమఘుమలాడుతోంది. మెల్లగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కాస్త జరగమంటారా దొరా?" అన్నాడు కోటయ్య.

"వద్దు, లెక్క తప్పుతుందేమో!" అని రాజు శాస్త్రి వైపు తిరిగాడు. "ఏమయ్యా, డెబ్బై మూడుతో భాగించి చూడలేదా?"

శాస్త్రి తల గోక్కున్నాడు. "డెబ్బై ఒకటి దాకా చూశాను ప్రభూ. శేషం మిగులుతూనే ఉంది. ఇంతలో..."

"ఇంతలో?"

"భోజనాల గంట కొట్టారు."

"కొట్టింది నేనే ప్రభూ," అన్నాడు బుచ్చన్న. "ఆ రోజు గుత్తి వంకాయ. పాపం, శాస్త్రిగారిని ఏమీ అనకండి. గుత్తి వంకాయ పిలుస్తుంటే భాగహారం ఎవరు చేస్తారు?"

రాజు ఎంత నవ్వాడంటే ముద్ద పొలమారింది. కోటయ్య ఏమీ ఆలోచించకుండా రాజుగారి నెత్తిన టపటపా తట్టాడు. బంతంతా బిగుసుకుపోయింది. రాజు ఇంకా నవ్వాడు.

చేతి కంకణం తీసి బుచ్చన్నకి తొడిగి, "రాయండి ఇతని పేరు. ఇకనుంచి మనం పదివేల ఇద్దరం!" అన్నాడు.

"ప్రభూ, అది సరిసంఖ్య!" శాస్త్రి లబలబలాడాడు. "రెండుతోనే తెగిపోతుంది!"

"మంచిదేగా," అంటూ రాజు పైకి లేచి గరిటె అందుకున్నాడు. "బుచ్చన్నా, నువ్వు కూర్చో. శాస్త్రీ, సగం మందికి నువ్వు వడ్డించు. సగం మందికి నేను."