తిప్పక్క తంగేడు

అనగనగా, ఏట్లో నీళ్లు పారడం మాని గాలి పారడం మొదలైన కాలంలో, ఏటిదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్లో తిప్పక్క అని ఒక గొర్రెలకాపరి పెళ్లాం ఉండేది.

ఊరికీ ఏటికీ నడుమ ఒకప్పుడు అంతా తంగేడు పొదలే. పూత కాలంలో ఊరు పసుపు రాసుకున్నట్టు ఉండేదట. తోళ్లు పదును చేసేవాళ్లు బెరడు అడిగారు, ఒలిచి ఇచ్చారు. పొయ్యిలోకి పుల్లలు కావాల్సి వచ్చాయి, నరుక్కున్నారు. పుల్లలు అయిపోతే వేర్లు తవ్వుకున్నారు. గాలికి అడ్డం లేకుండా పోయింది. ఏటి ఇసుక లేచి ఊరి మీదికి నడిచింది. మొదట గట్లు కప్పింది. తర్వాత చేలు కప్పింది. తర్వాత గడపలు కప్పింది.

గొర్రెలకు గడ్డి లేదు. తిప్పక్క మొగుడు మందను తోలుకుని బయలుదేరాడు.

"యాడికి పోతావు?" అంది తిప్పక్క.

"గడ్డి యాడుంటే ఆడికి. వాన పడితే వస్తా. కానీ గట్లన్నీ ఇసుక మింగుతాంది. తిరిగొస్తే మన చేను ఏదో నాకెట్ల తెలుస్తాది?"

చేను చివర ఒకే ఒక్క తంగేడు మిగిలి ఉంది. తిప్పక్క దానివైపు చెయ్యి చూపింది.

"అది చూసి రా. దాన్ని నేను పోనీయను."

మంద వెళ్లింది. గంటల చప్పుడు వెళ్లింది. చివరికి దుమ్ము కూడా వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి తిప్పక్క తంగేడును కాచింది. గిన్నెలు కడిగిన నీళ్లు దానికే పోసేది. గాలి లేస్తే కొంగు అడ్డం పట్టేది. ఇసుక దాన్ని సగం పూడిస్తే, ఆ దిబ్బ మీదనే కాయలు చిదిమి విత్తనాలు చల్లేది. కొన్ని మొలిచేవి, కొన్ని ఎండేవి. ఎండినచోట మళ్లీ చల్లేది.

పక్కింటి బొమ్మక్క నవ్వింది. "ఏమే తిప్పక్కా, నీ మొగునికి చూపు ఆనదా ఏంది? ఇన్ని చెట్లు పెడ్తాండావు!"

"ఒకటి ఇసుక మింగితే ఇంకోటి కనపడాల కదక్కా."

బొమ్మక్క మరి నవ్వలేదు. ఆ ఏడే వాళ్లూ మూట కట్టుకున్నారు. "నువ్వూ రావే," అంది. తిప్పక్క పోలేదు. తర్వాత అన్న వచ్చి పిలిచాడు. పోలేదు. ఆఖరికి ఊరంతా కదిలిపోతూ పిలిచింది. అప్పుడూ పోలేదు.

"నేను పోతే ఆనవాలు ఎవరు కాయాల?" అనేది.

ఏండ్లు గడిచాయి. తిప్పక్క తల నెరిసింది. చేను అంచు పొడవునా తంగేడు కట్ట లేచింది. ఇసుక దానిదాకా వచ్చి, దాన్ని ఎక్కలేక, అక్కడే కూలబడింది. లోపల ఎర్రమట్టి మిగిలింది. ఒక వానకు ఆ మట్టిలో గడ్డి పచ్చగా పొడుచుకొచ్చింది.

ఒకనాడు గంటల చప్పుడు వినిపించింది. తిప్పక్క చేతిలో చెంబు కింద పడింది. పరుగెత్తింది. మంద ముందు నిలబడినవాడు కుర్రకాపరి. పేరు కరియప్ప.

"దూరం నుంచి పసుపు కనిపించిందవ్వా," అన్నాడు. "ఊరుందేమోనని వస్తి."

తిప్పక్క వాడికి సంకటి పెట్టి, మందతో పోయిన మొగుని సంగతి చెప్పింది. వాడు చేలో మందను పడుకోబెట్టాడు. గొర్రెల ఎరువుతో ఆ చేలో కొర్ర పండింది. కరియప్ప ఏటేటా రావడం మొదలుపెట్టాడు.

మొదటిసారి పోయేటప్పుడు అడిగాడు. "అవ్వా, నేను నాలుగు దిక్కులా తిరిగేవాణ్ని. తాత పేరు చెప్పు, దారిలో అడుగుతా."

తిప్పక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లాం నోట మొగుని పేరు వస్తే అతని ఆయుష్షు తరుగుతుందనే కాలం అది.

"చెప్పకూడదు నాయనా. యాడున్నాడో, చల్లగా ఉండనీ."

రెండోసారి అడిగాడు. "చెవిలో చెప్పవ్వా. గొర్రెలకు కూడా వినపడదులే."

తిప్పక్క నవ్వింది. వాడి చెవిదాకా వంగింది. వంగి, లేచిపోయింది.

మూడోసారి వాడు అడగకముందే తానే వాడి దగ్గరికి నడిచి వచ్చింది.

"ఈసారి చెబుతా. పాపం తగిలితే నాకే తగలనీ. విను."

నోరు తెరిచింది. పేరు రాలేదు.

కరియప్ప కాచుకున్నాడు. "తొందరేం లేదవ్వా. కూచో."

"నాలుక మీదనే ఉంది నాయనా. పొద్దున కూడా ఉండె."

పొద్దు వాలేదాకా కూచుంది. పేరు రాలేదు.

ఆ పసుపు చూసి, ఊరు విడిచి పోయినవాళ్ల పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఇసుక తోడి గడపలు వెతుక్కున్నారు. తిప్పక్క ప్రతి ఒక్కరినీ అడిగింది. "మా ఇంటాయన పేరు మీ పెద్దోళ్లు ఎప్పుడన్నా అనిండిరా?" ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు పరాయి ఊళ్లలోనే మట్టి అయిపోయారు. బొమ్మక్కా అంతే.

అందరికీ దారి చూపిన తంగేడు, ఎవరికోసం పెట్టిందో ఆ ఒక్కనికి కనిపించలేదు.

"ఇన్నేండ్లూ లోపల్నే పిలుచుకుంటి," అంది తిప్పక్క చివరి రోజుల్లో. "ఒక్కతూరి బయటికి పిలిచింటే, ఈ చెట్లకైనా గుర్తుండేది."

ఆమె పోయాక ఆ మొదటి తంగేడు కిందనే పూడ్చిపెట్టారు. అందుకే దాన్ని తిప్పక్క తంగేడు అంటారు. ఆ కట్టలో పచ్చికొమ్మ ఎవరూ విరవరు.

ఇప్పటికీ ఏటిదిన్నె నుంచి ఎవరు బతకబోయినా, ఇంట్లోవాళ్లు కట్టదాకా సాగనంపుతారు. ఇసుకలో తంగేడు విత్తనాలు చల్లుతారు. పోయేవాళ్ల పేరు గట్టిగా మూడుసార్లు పిలుస్తారు. పెళ్లాలు మొగుళ్లను కూడా పేరు పెట్టి పిలుస్తారు. పొరుగూరివాళ్లు నవ్వితే నవ్వనీ అంటారు. తిరిగి వచ్చినవాళ్లను బాగున్నావా అని అడగరు. "కనిపించిందా?" అంటారు. "కనిపించింది" అన్నాకే చెంబు అందిస్తారు.

పోయేవాళ్లందరి పేర్లూ పిలవడం అయ్యాక, ఏటివైపు తిరిగి ఇంకొకరిని పిలుస్తారు. ఆయనకు పేరు లేదు. "ఓ..." అని మాత్రం పిలుస్తారు.

పిలిచి, కాసేపు ఆగుతారు.