దివాన్‌గారి పాయసం

ఒక రాజ్యంలో వైద్యశాలను పెద్దది చేయిస్తున్నారు. బాలింతల గది పక్కగోడ పగలగొడుతుంటే సున్నపు దుమ్ము పసికందుల మీద రాలుతోంది. బాలింతలకు గంజి కాచిపోసే నూకాలమ్మ, అడ్డంగా తడి తెరలు కట్టించమని దివాన్ భీమశంకరంగారిని బతిమాలుకుంది.

"కాస్త దుమ్ముకే ఎవరూ చచ్చిపోరు. పని ఆగకూడదు," అన్నారాయన.

మర్నాడు ఆయన పని చూడ్డానికి వస్తే, నూకాలమ్మ ఆ గదిలోనే పీట వేసి, గిన్నెలో వేడి పాయసం పెట్టింది. అవతల గునపం దెబ్బ పడగానే దుమ్ము రాలింది. దివాన్‌గారు చటుక్కున ఉత్తరీయంతో గిన్నె కప్పేశారు.

"కాస్త దుమ్మే కదయ్యా, తినండి," అంది నూకాలమ్మ మెల్లగా. "మీరంటే పాయసం కప్పుకున్నారు. ఈ పసివాళ్లకు మూతి కప్పుకోవడం కూడా రాదు."

పక్క ఉయ్యాలలో పసిగుడ్డు దగ్గింది. దివాన్‌గారి ముఖం చిన్నబోయింది. లేచి, ఉత్తరీయాన్ని బయట దులిపి తెచ్చి, ఆ ఉయ్యాలకు తనే తెరగా కట్టారు. అప్పుడే, పెరటి తలుపుకు అడ్డంగా పేర్చిన దూలాలు ఆయన కంటబడ్డాయి.

"నిప్పంటుకుంటే ఈ తల్లులు ఎటు పోతార్రా?" అని మేస్త్రిని కేకేశారు.

"మెల్లగా అయ్యా," అంది నూకాలమ్మ ఉయ్యాల ఊపుతూ, "పసిగుడ్డు ఇప్పుడే నిద్రలోకి జారింది."